నడుముకో జిప్పు

"తీసెయ్ చిన్నమ్మా," అన్నది హిమజ
మత్రా బజారు మొగదల, ఇంకా కారు దిగకముందే.
"అందరు చూస్తరు."
నేను చూసిన. ఎవ్వరు చూస్తలేరు.
ఓ పిల్లి, చేపల గంపతోని ఇద్దరు కూలీలు,
సముద్రం మీద ఓ తెల్లటి ఓడ.
ఓడకు నా నడుముతోని ఏం పని?

అందంగ లేదు, నాకు తెల్సు.
నారాయణపేట చీర కుచ్చిళ్ల మీద
నల్లటి రెగ్జిన్ సంచి, ప్లాస్టిక్ బకిల్,
అద్దంల చూసుకుంటే
పొట్టకు ఇంకో పొట్ట మొలిచినట్టు.
పొద్దున హిమజ నవ్వింది, నేను గూడ నవ్విన.
నవ్వినంత మాత్రాన తియ్యాల్నా?

చీర ఐదున్నర మీటర్లు ఇచ్చింది గని
ఒక్క జేబు ఇయ్యలే.
మా అవ్వ బొడ్లె సంచి దోపేది,
వక్కలు, సున్నం డబ్బి, నాలుగు బిళ్లలు.
అది ఫ్యాషనా కాదా అని
ఆమెను ఎవ్వరు అడగలే.
అమ్మ కొంగున ముడేసింది.
నేను జాకెట్ల చిన్న పర్సు పెట్టిన,
చెమటకు నోట్లు అప్పడాల పిండి లెక్క మెత్తబడేటివి.
తర్వాత ఇరవై రెండేండ్లు
సిద్దిపేట డిపో తోలు సంచి.
నా ఎడమ భుజం ఇప్పటికీ
కొంచెం కిందికే ఉంటది.

ఇండ్ల ఏమున్నయంటే
పాస్‌పోర్టు, బీపీ గోలీలు, మోకాలి పట్టీ,
అద్దాలు, రెండు పిన్నీసులు, సోంపు పొట్లం,
అరబ్బీల రాయించిన ఇంటి అడ్రసు చీటి,
నేను తప్పిపోతే
ఎవరన్న నన్ను చదువుకోనీకి.

సరే పో, అని తీసిన.
హిమజ బ్యాగుల పడేసిన. దానికి బంగారు రంగు గొలుసు,
లోపల ఓ ఫోను, ఓ లిప్‌స్టిక్, మిగతాదంత గాలి.
బజారుల మెట్లు. లుబాన్ పొగ కండ్లల్ల.
పట్టుకోనీకి రెండు చేతులు ఖాళీనే గని
కుడి చెయ్యి ఊకె పోయి నడుము మీద వాల్తది,
అక్కడ ఏం లేదు,
స్టాపు దాటినంక బెల్లు కొట్టినట్టు.

లుబాన్ అమ్మే ముసలాయనకు
ఆ సాయంత్రం మనుమని నిఖా అంట,
తయారై కూసున్నడు దుకాణంల.
నడుముకు వెండి తీగెల పట్టా,
ముందల వంపు తిరిగిన కత్తి,
దాని పక్కన చిన్న తోలు తిత్తి.
నేను తడుముకునుడు చూసిండు.
తన తిత్తి మీద రెండు వేళ్లతోని తట్టి
"కిధర్ గయా?" అన్నడు, బొంబాయి హిందీల.
హిమజ మొఖం ఎర్రగైంది.
నేను బ్యాగు గుంజుకున్న, పట్టీ బిగించిన.
బకిల్ టక్కుమన్నది.
ఆ టక్కు నాకెంత ఇష్టమో
ఎవ్వరికి చెప్పినా నవ్వుతరు.

వెయ్యి బైసలైతే ఒక రియాల్.
మన పైసనే నీళ్ల మీద తడిసి తడిసి
ఇక్కడికొచ్చేసరికి బైస అయిందేమో.
మూడు పొట్లాలు కొన్న, చిల్లర తీసుకున్న,
లెక్కపెట్టకుంట వేసుకున్న, పరాకుల.
అదే తప్పు.

ఒడ్డు మీద ఫొటో తీసింది హిమజ,
నడుముకు పైదాకనే.
ఏందే అంటే, "వెలుతురు ఆడిదాకే మంచిగుంది" అన్నది.
అబద్ధమాడేటప్పుడు
మా అక్క లెక్కనే ముక్కు గోక్కుంటది.

రాత్రి రువీల, ఆరో అంతస్తుల, ఏసీ కింద
మంచం మీద సంచి బోర్లించిన.
యాభై బైసలు తక్కువ.
మళ్ల లెక్కపెట్టిన. తక్కువనే.
హిమజ లైటార్పింది,
"యాభై బైసలకు చాయ్ గూడ రాదు, పండుకో చిన్నమ్మా."
చీకట్ల జిప్పు మూలలు తడుముకుంట
చానసేపు కూసున్న.
డిపోలైతే ఈపాటికి మెమో ఇచ్చేటోళ్లు.